బర్మీస్‌లో 'ఉడుకు – వండు' జంట: ఒక్క 'స్' ప్రేరణార్థకాన్ని ఎలా పుట్టించింది?

బ్రాడీపేట 4వ లైను అడిగారు:

నమస్కారమండీ. వచ్చే ఆదివారం గుంటూరులో నెట్ పరీక్షకి చదివే పిల్లలు ఆరుగురికి గంటసేపు పాఠం చెప్పాలి. అంశం: టిబెటో-బర్మన్ భాషల్లో ప్రేరణార్థక క్రియలు (ఒక పని జరిగేలా చేయడాన్ని చెప్పేవి) ధ్వనిమార్పు వల్ల ఎలా ఏర్పడ్డాయి. బర్మీస్ నుంచి ఈ జంటలు రాసుకున్నాను.

క్యక్ (ఉడకడం) – ఖ్యక్ (వండడం)
ప్యక్ (పాడవడం) – ఫ్యక్ (పాడుచేయడం)
క్వె (పగలడం) – ఖ్వె (పగలగొట్టడం)
ప్వంగ్ (తెరుచుకోవడం) – ఫ్వంగ్ (తెరవడం)
లువత్ (విడిపడడం) – హ్లువత్ (వదిలిపెట్టడం)
నో (మేలుకోవడం) – హ్నో (మేలుకొలపడం)

పుస్తకాలు "పాత స్-ఉపసర్గ పోయింది, దాని గుర్తుగా మహాప్రాణం మిగిలింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నాయి. పిల్లలు అడిగేది ఆ వాక్యం మధ్యలో ఏం జరిగిందనే. సకారం ఎక్కడికి పోయింది, హకారం ఎక్కణ్ణించి ఊడిపడింది?

రెండో చిక్కు ఇంకా పెద్దది. టిబెటన్‌లో 'ఖొల్' అంటే నీళ్లు మరగడం, 'స్కొల్' అంటే మరిగించడం. ఇక్కడ మహాప్రాణం అకర్మకం వైపుంది! అదే 'స్' బర్మీస్‌లో ఊపిరి పోసి, టిబెటన్‌లో ఊపిరి తీసిందంటే ఎలా నమ్మించాలి?

చివరిది, తెలుగులోని తిరుగు-తిప్పు, ఆగు-ఆపు జంటలతో పోల్చి మొదలుపెడదామనుకుంటున్నా. తప్పుదోవ పట్టిస్తానా?

---

కృష్ణలంక రాశారు:

ముందు రాత సంగతి. మీరు ఇచ్చినవి బర్మీస్ వర్ణక్రమాలు, ఉచ్చారణలు కావు. ఈనాటి రంగూన్‌లో క్యక్, ఖ్యక్ రెండూ 'చె', 'ఛె' అని వినిపిస్తాయి, చివరి కకారం గొంతు బిగింపుగా మారిపోయింది. అన్నం ఉడికిందనడానికి 'థమిన్ చె ప్యీ', అన్నం వండుతున్నాడనడానికి 'థమిన్ ఛె తె'. క్రియలో తేడా అంతా ఆ ఒక్క ఊపిరిలోనే ఉంది. బోర్డు మీద వర్ణక్రమమే రాయండి, చరిత్ర అందులోనే ఉంది. కానీ 'ఫ' రాసినప్పుడల్లా పక్కనే చెప్పండి: ఇది ఫ్యాన్‌లో ఫ కాదు, ఫలం అని పండితులు పలికే ఫ, రెండు పెదాలూ కలిసి విడివడాలి. మన పిల్లలు దాన్ని పంటితో పలికేస్తారు, దాంతో ప్యక్-ఫ్యక్ జంట ఏ సంబంధమూ లేని రెండు మాటల్లా అనిపిస్తుంది.

ఖకారంతో ఇబ్బంది వేరు. వాడుకలో మనం ఖర్చుని కర్చు అంటాం, భార్యని బార్య అంటాం. ఆ అలవాటుతో ఈ జంటలు చదివితే 'ఉడికింది', 'వండాడు' ఒకటైపోతాయి. పల్చటి కాగితం ముక్కని పెదాలకి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని ప్యక్, ఫ్యక్ అనిపించండి. రెండోదానికి కాగితం కదలాలి. క-ఖలతో కాగితం అంత బాగా కదలదు, గాలి నోటి వెనకనుంచి వస్తుంది కాబట్టి. పెదాల జంటతోనే మొదలుపెట్టండి.

ఇక సకారం ఎక్కడికి పోయిందన్నది. దీనికి బర్మా దాకా వెళ్లక్కర్లేదు, అమరావతి దాకా వెళ్తే చాలు. సంస్కృతం 'స్తూప', పాళీలో 'థూప'. హస్త – హత్థ. స్కంధ – ఖంధ. స్పర్శ – ఫస్స. పుష్కర – పొక్ఖర. మహాచైత్యం రాళ్ల మీద శాసనాలు చెక్కింది ఈ ప్రాకృత కుటుంబపు భాషలోనే. స్త, స్క, స్ప అనే గుంపుల్లో సకారం కనపడదు, పక్కనున్న పరుషానికి ఊపిరి అంటుకుంటుంది.

నోట్లో జరిగేది ఇది. సకారం పలకాలంటే స్వరతంత్రులు వెడల్పుగా తెరుచుకోవాలి, గాలి జోరుగా పోవాలి. పైన నాలుక కొస పళ్ల వెనక సన్నని సందు కట్టి ఆ గాలిని బుసగా మారుస్తుంది. కాలక్రమంలో నాలుక తన పని వదిలేస్తుంది, గొంతు మాత్రం తెరిచే ఉంటుంది. నాలుక లేని సకారమంటే హకారమే. అంటే స్క మొదట హ్క అవుతుంది. ఇప్పుడు గొంతు తెరిచి ఉండడం, కకారపు మూత ఒకదానిమీద ఒకటి పడతాయి. గొంతు మూసుకోవడం కాస్త ఆలస్యమైతే చాలు, కకారం విడిపోయాక కూడా ఊపిరి వస్తూనే ఉంటుంది. హ్క కాస్తా ఖ అయింది. స్పెయిన్ దక్షిణాన సెవిల్ ప్రాంతంలో 'పాస్తా'ని 'పాథా' అన్నట్టు పలుకుతున్నారు, అక్కడ ఈ మార్పు ఇప్పుడు మన కళ్లముందే నడుస్తోంది.

అనునాసికాల దగ్గర కూడా ప్రాకృతం సాక్ష్యం చెబుతుంది. స్నాన – ణ్హాణ, అస్మి – అమ్హి. నకార మకారాలకి మూసి విడిచే పేలుడు లేదు కాబట్టి ఊపిరి వాటితోనే కలిసిపోయింది. మీ జాబితాలో నో-హ్నో, లువత్-హ్లువత్ అచ్చంగా ఇదే. బర్మీస్ లిపిలో ఈ హకారాన్ని అక్షరం కింద చిన్న వత్తుగా పెడతారు. పలికేటప్పుడు అది విడి హకారం కాదు, నాదం లేకుండా ముక్కులోంచి గాలి వదిలే నకారం.

ఒక మాట గట్టిగా చెప్పండి. ధ్వనిమార్పుకి 'ప్రేరణార్థకం' అంటే ఏంటో తెలియదు. సకారం ఎక్కడుంటే అక్కడ పని చేసింది. ముక్కుకి టిబెటన్‌లో 'స్న', బర్మీస్‌లో 'హ్నా'. ముక్కులో ప్రేరణ ఏముంది? నామవాచకంలోనూ అదే మార్పు వచ్చిందంటే ఇది ధ్వని నియమం. ప్రేరణార్థకాలకి ముందు 'స్' ఉండబట్టి, ఆ నియమం వాటిమీద పడి వ్యాకరణంలా కనిపిస్తోంది.

---

అరండల్‌పేట రాశారు:

కృష్ణలంక గారూ, స్క – హ్క – ఖ గొలుసు బాగుంది. కానీ అది సగమే. మీరు ధాతువు మొదట్నుంచీ పరుషంతో (క, ప) మొదలైనట్టు రాశారు. బర్మీస్ ఒక్కదాన్నే చూస్తే అలానే అనిపిస్తుంది. దాని చుట్టం లాహు చూస్తే అనిపించదు.

లాహు చైనాలోని యునాన్ కొండల్లో, బర్మాలోని షాన్ రాష్ట్రంలో, ఉత్తర థాయిలాండ్‌లో మాట్లాడే భాష. అందులో 'దొ' అంటే తాగడం, 'తొ' అంటే తాగించడం. అకర్మకం, లేదా మామూలు క్రియ, సరళంతో (గ, ద, బ) ఉంటుంది. ప్రేరణార్థకం పరుషంతో ఉంటుంది. అంటే బర్మీస్‌లో క-ఖ ఉన్నచోట లాహులో గ-క తరహా ఉంది. రెండు భాషలూ ఒకే తల్లినుంచి వచ్చాయి కాబట్టి ధాతువు సరళంతో ఉండేదని లెక్క.

కాబట్టి బోర్డు మీద మూడు మెట్లు గీయండి. మొదట ధాతువు గ, ప్రేరణార్థకం స్గ. తర్వాత సకారానికి నాదం లేదు కాబట్టి పక్కనున్న గకారపు నాదాన్ని చంపేస్తుంది, స్గ కాస్తా స్క అవుతుంది. మనకి సంధుల్లో పరుషం సరళం కావడం అలవాటు, ఇది దానికి ఎదురు. ఆ స్క నుంచి మీరు చెప్పిన దారిలో ఖ. ఈలోగా బర్మీస్‌లో విడిగా ఉన్న గకారం తనంతట తాను కకారమైపోయింది. చివరికి మిగిలింది క-ఖ జంట. అంటే జంటలో ఇద్దరూ కదిలారు. 'క్యక్'లో కకారం అసలైనది కాదు, అది ఒకప్పటి సరళం. పరీక్షలో ఈ ఒక్కచోటే మార్కులు పోతాయి: "పరుషానికి సకారం చేరి మహాప్రాణమైంది" అని రాస్తారు, లాహు దత్తాంశం ఇచ్చేసరికి వివరించలేక ఆగిపోతారు.

లాహులో ఇంకో మెట్టు కూడా ఉంది. 'చా' తినడం, 'చా' తినిపించడం. అచ్చుతప్పు కాదండి, హల్లు, అచ్చు రెండూ ఒకటే. తేడా స్వరస్థాయిలో ఉంది: తినడం పడే స్వరంతో, తినిపించడం వేరే స్వరంతో పలుకుతారు. ఉపసర్గ పోతూ పోతూ హల్లు మీద గుర్తేమీ వదల్లేదు, పలుకు ఎత్తులో వదిలింది. తెలుగు లిపిలో దాన్ని రాయలేం, అందుకని తరగతిలో నోటితో పలికి వినిపించండి.

కాలం విషయం: బర్మీస్‌లో తేదీ తెలిసిన అతి పాత శాసనం మ్యజేది, 1112-13 నాటిది, పాళీ, ప్యూ, మోన్, బర్మీస్ నాలుగు భాషల్లో చెక్కింది. పాత బర్మీస్ రాతలో మహాప్రాణాలు విడిగా రాశారు, ఎక్కడా ఉపసర్గ సకారం లేదు. అంటే ఈ కథ అంతా రాత పుట్టకముందే ముగిసింది. బర్మీస్ శాసనాల్లో ఆ 'స్' కోసం వెతక్కండి, దొరకదు.

---

సీతానగరం రాశారు:

టిబెటన్ చిక్కు నేను తీసుకుంటా. మనవాళ్లకి టిబెటన్ పేర్లు కొత్త కాదు. 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర జరిగినప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ పేర్లు విన్నాయి. వాటితోనే పాఠం చెప్పొచ్చు.

'గ్రుబ్' అంటే నెరవేరడం. దానికి స్ చేరిస్తే 'స్గ్రుబ్', నెరవేర్చడం, సాధించడం. సిద్ధార్థుడికి టిబెటన్‌లో 'దొన్ గ్రుబ్', అంటే ప్రయోజనం నెరవేరినవాడు. ఈనాటి డోండుప్ అనే పేరు అదే. మన నాగార్జునుడికి 'క్లు స్గ్రుబ్'. క్లు అంటే నాగులు, స్గ్రుబ్ అంటే సాధించడం. నాగార్జునకొండ పెట్టుకుని ఈ జంటని బర్మాలో వెతుక్కోవడం ఎందుకు? అలాగే 'గ్రొల్' విడుదల కావడం, 'స్గ్రొల్' విడిపించడం. తారాదేవికి టిబెటన్‌లో 'స్గ్రొల్ మ', తరింపజేసేది. డోల్మా అని పిలుస్తున్నది అదే పేరు. 'గ్యుర్' మారడం, 'స్గ్యుర్' మార్చడం, అనువదించడం. కంగ్యూర్ అనే టిబెటన్ బౌద్ధ గ్రంథరాశి పేరులో ఉన్నది అకర్మకపు గ్యుర్, అనువాదకుడు చేసే పనికి వాడేది స్గ్యుర్.

ఇప్పుడు మీ ఖొల్-స్కొల్. టిబెటన్ రాతలో ఒక నియమం ఉంది: సకారం తర్వాత మహాప్రాణం రాదు. స్క ఉంటుంది, స్గ ఉంటుంది, స్ఖ ఉండదు. ఖకారం మాట మొదట్లో విడిగానో, మకారం తర్వాతో, అ-ఛుంగ్ అనే అక్షరం తర్వాతో మాత్రమే వస్తుంది. ఖొల్ నిజానికి ఆ అ-ఛుంగ్‌తో రాసే మాట, మీరు దాన్ని తెలుగులో దించేటప్పుడు వదిలేశారు. కాబట్టి ఇక్కడ స్ ఊపిరి తీయలేదు. ధాతువులో ఉన్న కకారం విడిగా ఉన్నచోట ఊపిరి పోసుకుంది, సకారం అడ్డుగా ఉన్నచోట పోసుకోలేకపోయింది. బర్మీస్‌లో సకారం కరిగి ఊపిరైంది. టిబెటన్‌లో సకారం కరగకుండా చాలాకాలం నిలబడి కకారాన్ని కాపాడింది. పనిముట్టు ఒకటే, అది ఎంతకాలం బతికిందన్నదే తేడా.

దీనివల్ల ఈనాటి లాసా మాటలో రాతలోని స్ పలక్కపోయినా, మరగడం 'ఖొ', మరిగించడం 'కొ' తరహాలో వినిపిస్తుంది. బర్మీస్ చదివి వచ్చినవాడు ఊపిరి ఉన్నదే ప్రేరణార్థకం అనుకుంటాడు, లాసాలో ప్రతిసారీ తిరగేసి అర్థం చేసుకుంటాడు. పిల్లలతో 'మహాప్రాణం అంటే ప్రేరణ' అనే సూత్రం బట్టీ పట్టించకండి.

అంతఃస్థాలు (ల లాంటివి), అనునాసికాల (న లాంటివి) దగ్గర లాసా ఇంకో దారి పట్టింది. 'లొగ్' తిరిగి రావడం, 'స్లొగ్' తిప్పివేయడం. 'నుబ్' సూర్యుడు అస్తమించడం, 'స్నుబ్' అణచివేసి లేకుండా చేయడం. ఇప్పుడు రెండింటిలోనూ మొదటి హల్లు లకారమే, నకారమే. కానీ ఉపసర్గ ఉన్నది పై స్వరంతో, లేనిది కింది స్వరంతో పలుకుతారు. సకారపు ఊపిరి స్వరతంత్రులని బిగించి స్వరాన్ని పైకెత్తింది, సకారం పోయాక ఆ ఎత్తే మిగిలింది. అంటే బర్మీస్ 'హ్నో' దగ్గర ఆగిన చోట లాసా ఇంకో అడుగు వేసింది.

ఒక హెచ్చరిక. ప్రతి సరళ-పరుష జంటనీ సకారం ఖాతాలో వేయొద్దు. టిబెటన్‌లో 'బ్రల్' విడిపోవడం, 'ఫ్రల్' విడదీయడం. ఎక్కడా స్ లేదు. సిచువాన్‌లోని జాఫుగ్ అనే గ్యారోంగ్ భాషలో 'ప్రత్' తెంచడం, 'మ్‌బ్రత్' తెగడం. (అచ్చు అకారం కాదు, దగ్గరగా రాశాను.) ఇక్కడ సకర్మకమే మూలం. దానికి ముందు ఒక అనునాసికం చేరి పరుషాన్ని సరళం చేసి, అకర్మకాన్ని పుట్టించింది. అదే జాఫుగ్‌లో సకారంతో ప్రేరణార్థకాలు విడిగా, నిక్షేపంగా ఉన్నాయి. ఒకే భాషలో రెండూ ఉన్నాయంటే ఇవి రెండు వేరువేరు ప్రక్రియలు. సకారం అకర్మకాన్ని సకర్మకం చేస్తుంది, అనునాసికం సకర్మకాన్ని అకర్మకం చేస్తుంది. ఫలితం మాత్రం చూడ్డానికి ఒకేలా ఉంటుంది: అకర్మకం సరళం, సకర్మకం పరుషం. బర్మీస్ లాంటి భాషలో ఉపసర్గలన్నీ కరిగిపోయాక ఏ జంట ఏ దారిన వచ్చిందో ఆ జంటను చూసి చెప్పలేం.

లకార, నకార జంటలు మాత్రం చెప్తాయి. అవి ఎటూ నాదంతోనే ఉంటాయి, ముందు అనునాసికం చేరినా వాటికి కొత్తగా వచ్చే మార్పు లేదు. హ్ల, హ్న కనపడితే అది సకారం పనే. నన్నడిగితే పాఠం లువత్-హ్లువత్‌తో మొదలుపెట్టాలి, క్యక్-ఖ్యక్‌తో కాదు. వంటింటి జంట వినడానికి బాగుంటుంది గానీ సాక్ష్యంగా బలహీనం.

---

మాచవరం రాశారు:

లువత్-హ్లువత్‌కి ఇంకో బలం కూడా ఉంది. బర్మాలోని కచిన్ రాష్ట్రంలో మాట్లాడే జింగ్‌ఫో భాషలో 'లోత్' విడిపడడం, 'షలోత్' వదిలిపెట్టడం. బర్మీస్ లువత్‌కి ఇది సొంత చుట్టం. ఒకచోట ఉపసర్గ కళ్లముందు నిలబడి ఉంది, ఇంకోచోట అదే ఉపసర్గ లకారంలోకి ఇంకిపోయింది. రెండింటినీ పక్కపక్కన రాస్తే మొత్తం పాఠం ఒక్క గీతలో అయిపోతుంది.

జింగ్‌ఫోలో ఎందుకు ఇంకిపోలేదంటే, అక్కడ ఉపసర్గకి సొంత అచ్చు మిగిలింది, మసక అకారం. అది విడి అక్షరం, షకారానికీ లకారానికీ మధ్య గోడలా ఉంది. బర్మీస్ దారిలో ఆ అచ్చు పడిపోయి రెండు హల్లులూ ఒరుసుకున్నాయి. అచ్చు పడిపోవడం, గుంపు కట్టడం, ఒకటి కరిగిపోవడం, ఈ వరుస తప్పదు. 'ప్రు' బయటికి రావడం, 'షప్రు' బయటికి తీయడం కూడా చూపించండి.

జింగ్‌ఫోలో తడబాటు ఒకటి ఎదురవుతుంది. 'ఖ్రత్' పడడం, పడేయడం మాత్రం 'షఖ్రత్' కాదు, 'జఖ్రత్'. 'ఖ్రిత్' భయపడడం, 'జఖ్రిత్' భయపెట్టడం. ధాతువు మహాప్రాణంతోనో ఊష్మంతోనో (స, ష లాంటివి) మొదలైతే ష- బదులు జ- వస్తుంది. రెండు చోట్లా వరసగా బుసకొట్టే గాలి నోటికి బరువు, అందుకని ముందుది తగ్గుతుంది. ఇవి రెండు ఉపసర్గలని రాసుకోకూడదు, ఒకే ఉపసర్గ రెండు వేషాలు.

ఇక తెలుగు పోలిక. మంచిదే, తప్పుదోవ పట్టించదు, కానీ ఎక్కడ ఆగాలో తెలియాలి. మన జంటల్లో మార్పు తోక దగ్గరుంటుంది: ఆగు-ఆపు, తిరుగు-తిప్పు, నిండు-నింపు, మునుగు-ముంచు, దిగు-దించు, వంగు-వంచు. ద్రావిడ భాషలు ప్రత్యయాలు వెనక తగిలించుకుంటాయి కాబట్టి అరుగుదల వెనకే. వాళ్లది తల దగ్గర, వాళ్ల ఉపసర్గ ముందుంది కాబట్టి. హల్లుల వివరాల్లో పోలిక లేదు, మన 'ప్పు'లో సకారం వెతకొద్దు.

పోలిక నిజంగా పనికొచ్చేది అర్థం దగ్గర. తిరుగు, తిప్పు, తిప్పించు. తిప్పేవాడి చెయ్యి బండి మీద ఉంటుంది. తిప్పించేవాడు ఇంకొకడికి పురమాయిస్తాడు, తన చెయ్యి పెట్టక్కర్లేదు. బర్మీస్‌లో అచ్చంగా ఇదే మూడంతస్తులు: క్యక్ ఉడకడం, ఖ్యక్ వండడం, ఖ్యక్-చే ఇంకొకరి చేత వండించడం. ఆ 'చే' (ఇప్పుడు 'సే' అని పలుకుతారు) అంటే విడిగా పనిమీద పంపడం, పురమాయించడమనే అర్థం. మాటల్లో అయితే ఆజ్ఞాపించడమనే అర్థమున్న 'ఖైన్' వాడడం ఎక్కువ. పాతది కరిగి ముద్దయ్యాక కొత్తది విడి మాటగా వచ్చి చేరింది.

ఎందుకు చేరాల్సి వచ్చింది? స్ విడిగా వినపడినన్నాళ్లూ ఎవరైనా ఏ క్రియకైనా తగిలించగలరు. అది ఊపిరిగా మారాక పిల్లలు నేర్చుకునేది నియమం కాదు, రెండు మాటలు. పైగా ఖకారంతోనో సకారంతోనో మొదలయ్యే క్రియకి ఇంకా ఊపిరి చేర్చే వీల్లేదు, దానికి జంటే దొరకదు. మన సంగతీ అంతే. ఆగు-ఆపు ఉంది కదా అని ఫోన్ ఛార్జ్ 'ఎక్కు'కి 'ఎప్పు' అనం, ఎక్కించు అంటాం. కొత్త మాటలన్నిటికీ -ఇంచు, చేయు, చేయించు. పిల్లలకి ఈ ఉదాహరణ చెప్తే మిగతాది వాళ్లే అందుకుంటారు.

---

బ్రాడీపేట 4వ లైను రాశారు:

చాలా థాంక్సండీ అందరికీ. బోర్డు వరుస మార్చేశాను. లోత్-షలోత్ పైన, లువత్-హ్లువత్ దాని కింద, లొగ్-స్లొగ్ మూడోది. తర్వాత పరుషాలు, అరండల్‌పేట గారు చెప్పిన మూడు మెట్లతో. క్లు స్గ్రుబ్ చివర్లో.

ఇంకో రెండు జంటలు చేర్చాను, సరేనా చూడండి. బర్మీస్‌లో 'సే' చనిపోవడం, 'సత్' చంపడం. క్రొక్ భయపడడం, ఖ్రొక్ భయపెట్టడం. ఇంకో ప్రశ్న, నక్షత్రానికి టిబెటన్ 'స్కర్ మ', బర్మీస్ 'క్రయ్'. స్న-హ్నా లెక్క ప్రకారం ఇది 'ఖ్రయ్' కావాలి కదా? ఇది ఎవరైనా అడిగితే?

---

అరండల్‌పేట రాశారు:

క్రొక్-ఖ్రొక్ ఉంచండి. జింగ్‌ఫో ఖ్రిత్-జఖ్రిత్ అర్థం అదే గదా అని చుట్టరికం కలపకండి, ధాతువులు వేరు.

సే-సత్ తీసేయండి. అందులో మొదటి హల్లు రెండింటిలోనూ ఒకటే, తేడా చివర ఉంది. మొదట సకారమే ఉన్న ధాతువుకి స్-ఉపసర్గ చేరినా ఆనవాలు మిగలదు. చివరి తకారం వేరే కథ. జంట పనికొస్తుందా లేదా అనడానికి ఒకటే పరీక్ష: మొదటి హల్లు మూసి చూడండి. మిగిలిన అచ్చు, చివరి హల్లు, స్వరం మూడూ ఒకటైతేనే ఉంచండి. ఏ ఒక్కటి తేడా వచ్చినా పక్కన పెట్టండి. మీ మొదటి జాబితాలో ఆరూ ఈ పరీక్ష నెగ్గుతాయి.

వినేటప్పుడు ఇంకో జాగ్రత్త. బర్మీస్‌లో మాటలు సమాసంలా కలిసిపోతే రెండో మాట మొదటి పరుషం సరళమవుతుంది, మన సరళాదేశం లాంటిదే. కానీ అక్కడ ఖకారం కూడా గకారమే అవుతుంది, కకారంతో పాటు. అంటే జంట తేడా చెరిగిపోతుంది. రికార్డింగ్ వినిపించేట్టయితే క్రియ విడిగా పలికినది తీసుకోండి.

---

సీతానగరం రాశారు:

నక్షత్రం సంగతి: క్రయ్ దగ్గర ఉపసర్గే లేదనుకోవాలి. నామవాచకాల ముందు వచ్చే ఉపసర్గలు ఈ కుటుంబంలో భాషభాషకీ మారతాయి. ఒకదాంట్లో ఉంటుంది, చుట్టంలో ఉండదు. ముక్కుకి రెండు భాషలూ ఉంచుకున్నాయి, చుక్కకి టిబెటన్ మాత్రమే ఉంచుకుంది. క్రియల్లో ఈ బెడద తక్కువ, ఎందుకంటే అక్కడ స్ ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం, ఊరికే వదిలేసే వీల్లేదు.

ఈ మహాప్రాణాలూ స్వరాలూ ఒకే ప్రేరణార్థక ఉపసర్గ పని అని గుర్తుపట్టినవాడు జర్మన్ పండితుడు ఆగస్ట్ కోన్రాడీ, 1896లో. అప్పటికి జాఫుగ్ దత్తాంశం లేదు కాబట్టి బ్రల్-ఫ్రల్ లాంటివాటిని సకారంతో ముడిపెట్టడం సహజం. పాత పుస్తకాల్లో రెండూ కలిపి రాసి ఉంటే తికమక పడొద్దని పిల్లలకి ముందే చెప్పండి.

బోర్డు మీద స్గ్రుబ్ రాసేటప్పుడు లాసా ఉచ్చారణ 'డుప్'కి దగ్గరగా ఉంటుందని పక్కన రాయండి. గ్ర, స్గ్ర రెండూ టకార డకారాల వైపు జరిగిపోయాయి, అందుకే డోండుప్‌లో ఉన్నది గ్రుబ్, లుడుప్‌లో (క్లు స్గ్రుబ్‌ని పలికే తీరు) ఉన్నది స్గ్రుబ్ అని చెవికి తెలీదు. రాత చూస్తేనే తెలుస్తుంది.